తలపాగా కింద ఏముంది?

ఒకానొక రాజ్యంలో, కథ జనం చెవిన పడకముందే దాని పేరు కోటకు వెళ్ళాలనే ఆచారం ఉండేది. వసంతోత్సవాలకు నెల ముందు కథకులందరూ తాము చెప్పబోయే కథ పేరును తాటాకు మీద రాయించి, పళ్ళెంలో పెట్టి రాజుగారికి పంపేవారు. రాజుగారు కథ వినరు. పేరు మాత్రం చూసి, ఔననో కాదనో అంటారు.

ఆ రాజు ఉగ్రకేసరి. పేరుకు తగ్గ మీసం, మీసానికి తగ్గ తలపాగా, వీటన్నిటినీ మించిన అనుమానం. సభలో ఇద్దరు ఒకేసారి ఆవులిస్తే కుట్ర అనేవాడు. వంటవాడు కూనిరాగం తీస్తే ఆ పూట అన్నం ముందు పిల్లికి పెట్టించేవాడు. పిల్లి తిని హాయిగా పడుకుంటే, "ఎందుకు పడుకుంది?" అని అడిగేవాడు.

అలాంటివాడి చేతిలో కథల పేర్లు పడితే ఇంకేముంది! ఒకడు "ముగ్గురు అల్లుళ్ళు" అని పంపాడు. "నాకు ముగ్గురు అల్లుళ్ళున్నారని వీడికెవడు చెప్పాడు?" అని కొట్టేశాడు. "గాలికి పోయిన గొడుగు" అంటే, అది తన వెల్లగొడుగేనన్నాడు. కథకులు విసిగిపోయి "ఒక కథ", "ఇంకొక కథ" అని పేర్లు పెట్టారు. ఆ పేర్లు విని జనం ఒక్కరూ రాలేదు. ఎవరొస్తారు పాపం?

ఈ అనుమానానికి ఆజ్యం పోసేవాడు ఆస్థాన పండితుడు నృసింహ దీక్షితులు. ఎంత అమాయకమైన పేరులోనైనా రాజనింద వెతికి తీయడం ఆయన విద్య. "ప్రభువుల నామం ఉన్న పేరొక్కటే నిర్దోషం. తక్కినవన్నీ శంకించదగినవే" అని నిండుసభలో తేల్చి చెప్పాడు. సభలో అందరూ ఆ మాట బాగా గుర్తుపెట్టుకున్నారు.

ఆ ఏడు సిద్ధమ్మ అనే ముసలావిడ పేరు పంపింది. నలభై ఏళ్ళుగా తంబూరా మీటుతూ ఊరూరా కథలు చెప్పుకుని బతికే మనిషి. ఆమె పంపిన తాటాకు మీద ఇలా ఉంది: "తలపాగా కింద ఏముంది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, రాజు చెయ్యి చటుక్కున తలపాగా మీదికి పోయింది. ఆయన తలపాగా కింద ఏమీ లేదు. ఒక్క వెంట్రుక కూడా లేదు. ఈ సంగతి రాజ్యమంతటికీ తెలుసు. తెలుసునని రాజుకు మాత్రం తెలియదు.

"దీని భావమేమిటి, దీక్షితులుగారూ?"

దీక్షితులు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, అది... నా నోటితో చెప్పదగింది కాదు."

అంతే. భటులు వెళ్ళి సిద్ధమ్మను పట్టుకొచ్చారు. మర్నాడు సభలో అందరూ చూస్తుండగా ఆమె తంబూరా విరగ్గొట్టి, ఆమెను పొలిమేర దాటించాలని ఆజ్ఞ అయింది.

ఆ సభలో తిప్పన అని ఒక హాస్యగాడు ఉండేవాడు. చిన్ననాడు సిద్ధమ్మ కథలు విని, అన్నం తినడం కూడా మరిచిపోయినవాడు. మర్నాడు సభకు వచ్చేసరికి, భటుల నడుమ సిద్ధమ్మ నిలబడి ఉంది, ఆమె తంబూరా పక్కనే గొడ్డలి పెట్టి ఉంది. అది చూసి కూడా అతను నవ్వుముఖంతోనే లేచాడు.

"ప్రభూ, ఒక ముసలిదాన్ని పట్టుకుని ఊరుకుంటే ఎలా? పేరును బట్టి మనిషి మనసు తెలుస్తుందంటే, ఈ సభలో ఎవరి మనసులో ఏముందో కూడా చూడొద్దా?"

రాజు కళ్ళు మెరిశాయి. సభికుల ముఖాలు మాడిపోయాయి.

"ఎలా చూడటం?"

"నేనొక కథ చెబుతాను. దానికి పేరు పెట్టను. విన్నవారంతా తలా ఒక పేరు రాసి తమరికి ఇవ్వాలి. ఒకరి ఆకు ఒకరు చూడకూడదు. లోపల విషం ఉన్నవాడు దాచుకోలేడు."

"భేష్!" అన్నాడు రాజు. వెంటనే కనుబొమలు ముడిచాడు. "ఆగు. నీ కథలో ఎవరున్నారు?"

"ఒక గేదె, ప్రభూ."

"ఎలాంటి గేదె?"

"పూటకు మూడు శేర్ల పాలిచ్చే గేదె."

పాలిచ్చే గేదె తాను కానేరడు కదా. రాజుకు నమ్మకం కుదిరింది. "కానివ్వు" అన్నాడు.

తిప్పన మొదలుపెట్టాడు.

"ఎండాకాలంలో ఒక గేదె మడుగుకు వెళ్ళింది. తాగుదామని వంగితే, నీళ్ళలో ఇంకో గేదె తనవైపే మూతి చాపి కనిపించింది. 'నా నీళ్ళకే వచ్చావా?' అని ఇది కొమ్ములు ఊపింది. అదీ ఊపింది. ఇక ఇది నీళ్ళు ముట్టకుండా గట్టు మీద కాపలా నిలబడింది. ఊళ్ళో గేదెలన్నీ వచ్చి తాగి పోతున్నాయి. దీని నాలుక పిడచకట్టింది. అయినా కదల్లేదు. మూడోనాడు కళ్ళు తిరిగి మడుగులోనే దభీమని పడింది. గుక్కెడు నీళ్ళు నోట్లోకి పోయాయి, ప్రాణం లేచొచ్చింది. తలెత్తి చూస్తే రెండో గేదె లేదు. అయిపోయింది. రాయండి."

పదిహేడు మంది పెద్దలు తాటాకులూ గంటాలూ అందుకున్నారు. అందరికంటే ముందు ముగించింది దీక్షితులే.

రాజు మొదటి ఆకు తీశాడు. "శ్రీ ఉగ్రకేసరి విజయము." తల ఆడించాడు. రెండోది, "శ్రీ ఉగ్రకేసరి మహారాజ విజయము." మీసం దువ్వాడు. మూడోది, "ఉగ్రకేసరి ప్రతాపము." ఏడో ఆకు దగ్గర నుదురు ముడతపడింది. పదిహేడో ఆకు చదివేసరికి మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తిప్పనా! కథ గేదెది కదా? ఇందులో నేనెక్కడున్నాను?"

"నేను పెట్టలేదు ప్రభూ. ఈ పదిహేడు మంది పెద్దలూ కలిసి పెట్టారు."

రాజు సింహాసనం మీదినుంచి లేచాడు. "దీక్షితులూ! ఆ గేదె నేనా?"

"రామ రామ! నేను... కథ సరిగ్గా వినలేదు ప్రభూ. తమ పేరు రాస్తే క్షేమమని..."

"సేనాపతీ, నువ్వూ వినలేదా?"

"విన్నాను ప్రభూ" అన్నాడు సేనాపతి, చెమట తుడుచుకుంటూ. "విన్నందువల్లే మరీ భయమేసి, తమ పేరు రాశాను."

తిప్పన చేతులు కట్టుకున్నాడు. "వీరిలో ద్రోహులెవరూ లేరు ప్రభూ. ఉన్నది భయస్తులే. భయపడి పెట్టిన పేరు చూడటానికి పొగడ్తలాగే ఉంటుంది. కథతో కలిపి చూస్తేనే అది తిట్టని తెలుస్తుంది. ఇంకొకరు మిగిలారు. ఆ అవ్వను కూడా అడగండి."

రాజు సిద్ధమ్మవైపు తిరిగాడు. "ముసలీ, నువ్వైతే ఏం పేరు పెడతావు?"

"నాకు రాత రాదు దొరా. నోటితోనే చెప్తా. 'నీళ్ళకు కాపలా' అంటాను."

"నా పేరు పెట్టవా?"

"మీరు ఆ మడుగు కాడ లేరు గదా దొరా! ఉన్నది గేదే, నీళ్ళూ. గేదె కథ అంటే ఎవడాగుతాడు? నీళ్ళకు కాపలా ఏందబ్బా అని దారినపోయేవాడు ఒక్కడన్నా అడగాల. అడిగితే కూకుంటాడు. కూకుంటే వింటాడు. పేరు చేసే పని అంతే."

రాజు సింహాసనం దిగి ఆమె దగ్గరకు వచ్చాడు. అప్పుడు మెల్లగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు అడిగాడు.

"అయితే... తలపాగా కింద ఏముంది?"

సిద్ధమ్మ బోసినోటితో నవ్వింది. "చూశారా, మీరూ అడిగారు!"

ఇన్నేళ్ళలో రాజు ఒక కథలో ఏముందని అడగడం అదే మొదలు. ముసలమ్మ చెప్పింది. "వానలో ఒక బండివాడు పోతా ఉంటే, గూడు కూలి నాలుగు పిచ్చుక పిల్లలు బురదలో తడస్తా ఉన్నాయి. తీసి తలపాగా కింద పెట్టుకున్నాడు. దారిపొడుగునా జనం, ఏందది కిచకిచ అంటా ఉందని అడగతానే ఉన్నారు. సుంకం కాడ బంట్రోతు, దొంగసొత్తని వాణ్ణి కట్టేశాడు. తలపాగా విప్పి చూపించేదాకా ఎవరూ నమ్మలా. అంతే కథ."

"పిచ్చుక పిల్లలా?" అన్నాడు రాజు. గొడ్డలి పక్కనున్న తంబూరా కేసి చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు సిగ్గేసింది. రెండు చేతులా తలపాగా ఎత్తి తీశాడు. నున్నటి బట్టతల సభలో తళతళలాడింది.

"నాకొక అనుమానం" అన్నాడు. "ఈ సంగతి మీకందరికీ ముందే తెలుసు కదూ?"

పదిహేడు తలలు ఒక్కసారే అడ్డంగా ఊగాయి.

"తెలుసు ప్రభూ" అన్నాడు తిప్పన.

రాజు పకపక నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తరువాతే సభ అంతా ధైర్యం చేసి నవ్వింది. ఆయన తలపాగా తెచ్చి సిద్ధమ్మ చేతిలో పెట్టి, "ఉత్సవంలో ఇది చేతబట్టుకుని ఆ కథ చెప్పు అవ్వా. నేను ముందు వరసలో కూర్చుంటాను" అన్నాడు. పేర్లు కోటకు పంపే ఆచారం ఆనాటితో ఆగిపోయింది. ప్రతి కథనూ మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినే పని దీక్షితులకు పడింది.

తిప్పనకు దొడ్డిలోని మంచి పాడిగేదె ఒకటి బహుమానంగా దక్కింది.

"దానికేం పేరు పెడతావు?" అని నవ్వుతూ అడిగాడు రాజు.

"ఇంకా అనుకోలేదు ప్రభూ" అన్నాడు తిప్పన. "దీక్షితులుగారిని మాత్రం అడగను."