సగం సంచి

వాగుకి ఇవతల వేరుశనగ చేను, అవతల గుట్ట, ఆ గుట్టలో నక్క గుహ. చేను పీకడం అయిపోయింది. మట్టిలో మిగిలిన కాయలు ఏరుకున్నవాళ్లకి ఏరుకున్నన్ని. కిందటేడు తుఫానుకి ఉడుత తొర్రలో నీళ్లు నిలిచి, దాచినవన్నీ బూజు పట్టాయి. పిల్లలు ఆకలికి ఏడ్చారు. అందుకే ఈసారి ఉడుత గుహలో చోటిమ్మని నక్కని బతిమాలుకుంది.

"దాచుకో. లోపల పెట్టింది ముట్టనని ఒట్టు," అంది నక్క. "గుమ్మం దాటినప్పుడల్లా మాత్రం నాకో కాయ. దొరికింది దొరికినట్టు తెచ్చెయ్. బయట ఉంచితే ఎవడో ఎత్తుకుపోతాడు."

ఎంత మంచి మనసో చూడండి. ఉడుత నోట పట్టేవి రెండే కాయలు. ఒకటి నక్కకి, ఒకటి గుహలోకి. మధ్యాహ్నానికి ఉడుతకి కాళ్లు పీక్కుపోయాయి, నక్కకి పొట్ట బిగిసింది.

చేలో మేస్తున్న గాడిద ఇదంతా గమనించింది. దాని వీపున పాత గోనెసంచి ఒకటి వేలాడుతోంది.

"చెల్లీ, నువ్వు కాయలు మోస్తున్నావా, గుమ్మం సుంకం మోస్తున్నావా?"

"ఏం చెయ్యనన్నా, నా నోరు ఇంతే కదా."

"నా సంచి ఉందిగా. ఏరినవి ఇందులో పడేస్తూ ఉండు. నిండాక పోదాం. రెండు కాయలు తెచ్చినా, సంచెడు తెచ్చినా గుమ్మం దాటేది ఒక్కసారే."

నిండు సంచి చూసి నక్క ముఖం మాడింది. "ఇంత సంచికీ ఒక్క కాయేనా?"

"మాట నీదే కదా మామా," అని గాడిద ఒక కాయ దాని ముందు పెట్టింది. గాడిదే కదా అని తేలిగ్గా తీసుకోవడం నక్క చేసిన తప్పు.

మర్నాడు సాయంత్రానికి చేలో కాయలు అయిపోయాయి. సంచి సగమే నిండింది. ఆకాశం నల్లబడుతుంటే నక్క పనిగట్టుకుని చేలోకి వచ్చింది.

"సగం సంచికి వాగు దాటడం ఎందుకు? ఆ పొద కింద పెట్టి పోండి. రేపు పక్క చేలో ఏరి, నింపుకుని రండి."

"అలాగే మామా," అంది గాడిద. నక్క సంబరంగా గట్టు చాటుకి పోయి కూర్చుంది. గుహలోది ముట్టనని ఒట్టేసింది గానీ, పొద కిందిదాని మీద ఒట్టేయలేదు మరి.

ఉడుత కూడా తలూపింది. "నిజమే అన్నా. నిండాకే పోవాలని నువ్వే కదా నేర్పావు."

"ఏరుతున్నంతసేపూ అదే మాట. ఏరడం అయిపోయాక ఇంక దేనికోసం ఆగడం? వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? పైగా నిన్న నిండకముందే తెమ్మన్న మామ, ఇవాళ నిండేదాకా ఆగమంటున్నాడు. రెండు సలహాల్లోనూ కాయలు ఎవరికి పోతాయో చూడు."

ఉడుతకి సంగతి అర్థమైంది. తొర్రలోంచి పిల్లల్ని తెచ్చి గాడిద వీపు మీదికి ఎక్కించింది. చప్పుడు కాకుండా వాగు దాటి, సంచిని గుహలో ఆఖరి కాయ దాకా దులిపేశారు. అప్పుడే వాన అందుకుంది.

ఇవతల చేలో నక్క పొదలన్నీ వెతికింది. ముళ్లు గుచ్చుకున్నాయే గానీ సంచి దొరకలేదు. వెనక్కి తిరిగేసరికి వాగు పొంగి దారి మూసేసింది. తన పొడి గుహని చూసుకుంటూ తెల్లారేదాకా తడుస్తూ కూర్చుంది.

వాగు తగ్గాక వణుకుతూ వచ్చిన నక్కకి గుమ్మంలోనే ఉడుత ఎదురైంది.

"నిన్న సాయంత్రం గుమ్మం దాటాం మామా. తీసుకోడానికి నువ్వు లేవు. ఇదిగో, నీ కాయ."

నీతి: నిండాక మోసేవాడు తెలివైనవాడు, పని ముగిశాక సగం సంచినైనా దులిపేసేవాడు అంతకంటే తెలివైనవాడు.