రాజుగారి కుంకుమపువ్వు గుళికలు

ఏమర్రా, పక్కలెక్కారా? ఆ దిండు నీది కాదే మిన్నీ, అన్నయ్యకిచ్చెయ్యి. గోపీ, కాళ్ళు ఆడించకురా, మంచం కిర్రుకిర్రుమంటుంటే నేను కథ మర్చిపోతాను. ఊ కొట్టాలి మరి. ఊ ఆగిందా, కథా ఆగుతుంది.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికో కోట, ఆ కోటకో రాజు, ఆ రాజుకో బెంగ.

రాజు పేరు వీరకేతుడు. పేరుకి తగ్గట్టు మీసాలు పెద్దవే గానీ, అవి కూడా బెంగతో కిందికి వేలాడుతుండేవి. ఎందుకు బెంగంటే, వాళ్ళావిడ మధుమతి రాణిగారు పోయి రెండేళ్ళయింది. ఆవిడున్నన్నాళ్ళూ రాజుగారిని పొద్దస్తమానం కేకలేస్తూనే ఉండేదట. తల దువ్వుకోకుండా సింహాసనం ఎక్కుతారా అనేదట. పెరుగన్నం తినకుండా లేస్తే ఊరుకోనని కూచోబెట్టేదట. ఆయన విసుక్కునేవాడు. ఆవిడ పోయాక విసుక్కోడానికి కూడా ఎవరూ మిగల్లేదు. ఏమన్నా "చిత్తం మహారాజా", ఏమీ అనకపోయినా "చిత్తం మహారాజా". పైగా, రాణిగారి పేరెత్తితే ఏలినవారు బాధపడతారు, ఎవరూ ఎత్తకండని మంత్రిగారు ఊరంతా చెప్పి ఉంచాడు. దాంతో ఆయన బెంగ ఆయన గొంతులోనే ఉండిపోయింది, మింగుడుపడని మాత్రలాగా.

రాజుగారి వంటశాలలో కనకరత్తమ్మ అని ఒక పెద్దావిడ, ఆవిడకి వరాలు అని ఒక కోడలు. కనకరత్తమ్మ గుత్తివంకాయ కూర పొయ్యి మీదుంటే దారినపోయేవాళ్ళు కూడా నిలబడిపోయేవారు. అలాంటి వంట పళ్ళెంలో పెట్టి పంపితే, వెళ్ళినది వెళ్ళినట్టే తిరిగొచ్చేది. కూర కదలదు, పప్పు కదలదు, అప్పడం విరగదు. ఆవిడ ప్రాణం ఉసూరుమనేది.

ఊ కొడుతున్నారా? సరే.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే కంచరగాడిద మీద ఒకాయన దిగాడు. పసుపుపచ్చ తలపాగా, పసుపుపచ్చ కండువా, మనిషి పది బారల దూరంలో ఉండగానే గుప్పున పన్నీరు వాసన. పేరు పాపారాయుడు. చేతిలో ఇంత గాజుబుడ్డి, బుడ్డి నిండా పచ్చపచ్చటి గుళికలు.

నేరుగా సభలోకి వచ్చి ఊదరగొట్టడం మొదలుపెట్టాడు. ఇది కుంకుమపువ్వు సారం ఏలినవారూ, పువ్వు కాదు, పువ్వులో సారం! మంచుకొండల దగ్గర పూసే ఊదారంగు పువ్వు, ఒక్కో పువ్వుకి మూడే మూడు కేసరాలు. వెయ్యి పువ్వులు కోస్తే గుప్పెడు కేసరాలు, గుప్పెడు కేసరాలు పిండితే బొట్టు సారం, బొట్టు సారం బిగిస్తే ఒక్క గుళిక. గుళిక వేసుకుంటే నిద్ర పడుతుంది, నిద్ర పడితే బెంగ పోతుంది, బెంగ పోతే నవ్వొస్తుంది, నవ్వొస్తే వయసు తగ్గుతుంది! ముసలాళ్ళకి పళ్ళు మొలుస్తాయి, పసివాళ్ళకి మీసాలు మొలుస్తాయి అన్నాడట.

పసివాళ్ళకి మీసాలెందుకురా అని ఒక్కడూ అడగలేదు చూడు! మొన్న మీ అమ్మ కూడా ఫోన్లో చూసి ఇలాంటి సీసా ఒకటి తెప్పించింది. దాని మీద అచ్చేసిన మాటలు నాకు చదివి వినిపిస్తే, పాపారాయుడు ఇంకా బతికే ఉన్నాడే అనుకున్నాను. నవ్వకు మిన్నీ, అమ్మ వింటుంది.

సరే, వెండిగిన్నెలో నీళ్ళు పోసి, గుళిక కరిగించి రాజుగారి చేత తాగించాడు. సభంతా ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకే చూస్తోంది. మంత్రి చూస్తున్నాడు, సేనాపతి చూస్తున్నాడు, గుమ్మంలో నిలబడి కనకరత్తమ్మ దణ్ణం పెట్టుకుంటూ చూస్తోంది. నిజానికి రాజుగారికి ఏమీ అనిపించలేదు, నాలుక మీద కాస్త తీపి, కాస్త చేదు తప్ప. కానీ అంతమంది అంత ఆశగా చూస్తుంటే ఏమీ లేదని ఎలా చెప్తాడు పాపం? మొహమాటానికి, "కొంచెం బాగానే ఉన్నట్టుంది" అన్నాడు.

అంతే! పాపారాయుడికి పట్టపుటేనుగు మీద ఊరేగింపు, కోటలో విడిది, మెళ్ళో పూలదండలు.

వాడు అక్కడితో ఆగాడా? సారం ఒంటపట్టాలంటే రెండు పథ్యాలున్నాయి అన్నాడు. ఒకటి, చుట్టుపక్కల ఎవరూ మొహం ముడుచుకోకూడదు. ఒక్క ఏడుపు మొహం కనబడినా చాలు, పాలల్లో నిమ్మరసం పడ్డట్టు సారం విరిగిపోతుంది. రెండోది, పులుపు, కారం, తాలింపు ఏవీ తగలకూడదు. గుళికలూ, గంజినీళ్ళూ, అంతే.

మంత్రి వెంటనే దండోరా వేయించాడు. కోటలో అందరూ నవ్వాలి. నవ్వని వాళ్ళు ఊరొదిలి పోవాలి.

ఇక చూస్కో! రాజుగారి కోసం మంత్రి నవ్వాడు. మంత్రి నవ్వాడని సేనాపతి నవ్వాడు. సేనాపతి నవ్వాడని సైనికుడు నవ్వాడు. సైనికుడు నవ్వాడని గుర్రం సకిలించింది. గుర్రం సకిలించిందని గుర్రానికి గడ్డేసేవాడు నవ్వాడు. గడ్డేసేవాడికి పాపం పన్నునొప్పి, బుగ్గ బూరెలా వాచిపోయింది, అయినా నవ్వాడు. అత్తాకోడళ్ళు పోట్లాడుకోవాలంటే నవ్వుతూనే పోట్లాడుకోవాలి. "నీ మొహం మండా, హహ్హహ్హా" అని అత్త, "నా మొహానికేం, హిహ్హిహ్హీ" అని కోడలు. వారం తిరిగేసరికి కోటలో అందరికీ దవడలు పట్టేశాయి, వేడినీళ్ళ కాపడం పెట్టుకోవడం మొదలుపెట్టారు.

రాజుగారు మాత్రం నవ్వలేదు. చుట్టూ అంతమంది తనకోసం ఇకిలిస్తుంటే ఆయనకి ఇంకా దిగులేసింది. గంజినీళ్ళతో డొక్కలు లోపలికి పోయాయి. ఎలా ఉందని అడిగితే మాత్రం, కొంచెం బాగానే ఉంది, కొంచెం బాగానే ఉంది.

గోపీ, ఊ ఏదిరా? ఆ, అదీ!

తాలింపు వద్దన్నాక వంటశాలకి పనేముంది? పొయ్యిలో పిల్లి పడుకుంది. కనకరత్తమ్మ ఆ పొయ్యి ముందు కూచుని, రాజుగారు చిక్కిపోతున్నారే, పిడికెడు అన్నం కూడా పెట్టలేకపోతున్నానే అని కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే భటుడు నవ్వుకుంటూ వచ్చాడు.

వరాలు చటుక్కున అడ్డం వెళ్ళి, "ఏడవట్లేదన్నా, మా అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది" అంది.

"వంటే లేదు కదా, ఉల్లిపాయలెక్కడివి? హహ్హా" అన్నాడు భటుడు.

ఇంకేముంది, మర్నాడు మధ్యాహ్నంలోపు కనకరత్తమ్మ ఊరొదిలి పోవాలని ఆజ్ఞ అయిపోయింది. ముప్ఫై ఏళ్ళు వండిపెట్టిన మనిషి! ఆవిడ మూట కట్టుకుంటూ, నేను పోతానే గానీ నువ్వు నవ్వుతూ ఉండవే తల్లీ, నిన్ను కూడా పంపేస్తారు అంటుంటే వరాలు గుండె చెరువైపోయింది.

అయినా ఆ పిల్ల ఊరికే కూచునే రకం కాదు. వంట లేకపోయినా రాజుగారి వెండిగిన్నె తోమే పని ఉంది కదా, దాన్ని ముందేసుకుని కూచుంది. గిన్నె అడుగున గుళిక మరక పచ్చగా అట్టకట్టి ఉంది. పొయ్యిలో పిల్లిని లేపి, కింద ఉన్న బూడిద గుప్పెడు తీసి గిన్నె కసిగా రుద్దింది. రుద్దేసరికి ఆ పచ్చమరక ఏమైంది? ఎర్రగా అయింది! ఎర్రగా అంటే పెళ్ళికూతురి కాళ్ళ పారాణిలాగా!

వరాలు చెయ్యి ఆగిపోయింది. గిన్నె వాసన చూసింది, పన్నీరు. వేలితో నాకి చూసింది, బెల్లం. ఎర్రగా అయిన అంచు చూసింది. అప్పుడు గట్టిగా నవ్వింది. కోటలో ఆ వారం రోజుల్లో వచ్చిన మొదటి నిజం నవ్వు అదే.

రాణిగారు పాయసంలోకని కనకరత్తమ్మకి ఇచ్చిన వెండి భరిణె ఒకటి వంటశాల అలమరలో ఉంది. అందులో అసలు కుంకుమపువ్వు నాలుగు పోగులున్నాయి. అది కొంగున ముడేసుకుని, అత్తని చెయ్యి పట్టుకుని సభకి లాక్కెళ్ళింది.

సభలో మాట్లాడాలంటే నవ్వాలిగా మరి? నవ్వుతూనే మొదలుపెట్టింది. "మహారాజా, హహ్హా, మా అత్తయ్యని ఊళ్ళోంచి వెళ్ళగొడుతున్నారు, హిహ్హీ! అరవై ఏళ్ళ మనిషి, ఎక్కడికి పోతుందో తెలీదు, హొహ్హొహ్హో! పోయేముందు ఆవిడ బెంగకి కూడా ఒక్క గుళిక ఇప్పించండి, హహ్హహ్హా!"

ఆ నవ్వు వింటుంటే సభలో వాళ్ళకి ఒళ్ళు జలదరించింది. రాజుగారు కళ్ళు దించుకుని, గుళిక ఇవ్వమన్నాడు. పాపారాయుడికి ఇవ్వక తప్పలేదు. వరాలు గుళికని అరచేతిలో నలిపింది. మంత్రిగారు నమిలే తాంబూలం పళ్ళెం పక్కనే ఉంటే, అందులోంచి చిటికెడు సున్నం వేలికి తీసుకుని గుళిక మీద రాసింది.

అరచెయ్యంతా ఎర్రగా అయిపోయింది!

తెర వెనకాల కూచున్న ఆడవాళ్ళు ముందు ముసిముసిగా నవ్వారు, తర్వాత కిసకిసా నవ్వారు, తర్వాత పొట్టలు పట్టుకున్నారు. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని తెలియని ఆడది ఏ ఊళ్ళో ఉంటుందర్రా? మగవాళ్ళకే ఏమీ అర్థం కాలేదు, రక్తమొచ్చిందేమోనని సేనాపతి వెనక్కి జరిగాడు.

వరాలు భరిణె మూత తీసింది. ఒక పోగు తడిచేసి నలిపితే పచ్చరంగొచ్చింది, సున్నం రాసినా అది పచ్చగానే ఉండిపోయింది. ఇంకో పోగు గోరువెచ్చని నీళ్ళలో వేసింది, పోగు ఎర్రగానే ఉండి, నిదానంగా, తీరిగ్గా పచ్చరంగు వదలడం మొదలుపెట్టింది. సభంతా వాసన పాకింది. అది కుంకుమపువ్వు, ఇది పసుపూ బెల్లమూ పన్నీరూ అని చెప్పింది.

పాపారాయుడు తలపాగా సర్దుకున్నాడు. "నేను కుసుమపువ్వు అన్నాను. తమరే కుంకుమపువ్వు అని విన్నారు."

"ఇందులో కుసుమపువ్వు కూడా లేదు కదయ్యా!" అంది వరాలు.

"పసుపు మాత్రం ఒంటికి మంచిది కాదా ఏం?"

"మంచిదే. పప్పులో వేస్తే."

అప్పుడు రాజుగారు మెల్లిగా అడిగారట. మరి నాకు కొంచెం బాగానే ఉందన్నానే, అదెలాగ అని. ఏం చెప్పినా తల పోయే ప్రశ్న అది. అత్తయ్య వెనకనుంచి కొంగు లాగుతోంది, వద్దే వద్దే అని. వరాలు ఆగలేదు.

"మాకోసం అన్నారు మహారాజా. మా మొహాలు చూసి అన్నారు. మీకోసం మేం నవ్వాం, మాకోసం మీరు బాగుందన్నారు, మధ్యలో బాగుపడ్డది ఈయనొక్కడే. అసలు ఒకసారి అద్దంలో చూసుకున్నారా? ఆ తలేమిటి, పిచ్చిక గూడులా! వారం రోజులు అన్నం మానేసి గంజి తాగుతారా? మిమ్మల్ని రాణిగారు ఇలా చూస్తే ఊరుకునేవారా?"

అమ్మో! రాణిగారి మాట ఎత్తేసింది! మంత్రిగారు నోట్లో తాంబూలం మింగేశాడు. భటులు కత్తుల మీద చెయ్యేశారు. కనకరత్తమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

రాజుగారు సింహాసనం మీద అలాగే కూచున్నారు. పెదవి వణికింది. మీసం వణికింది. రెండేళ్ళుగా గొంతులో ఉన్నది ఒక్కసారిగా బయటికొచ్చి, పిల్లాడిలా బావురుమన్నారు. "ఊరుకునేది కాదు," అన్నారు ఏడుస్తూనే, "చచ్చినా ఊరుకునేది కాదు. దువ్వెన పట్టుకుని వెంటపడేది."

రాజే ఏడుస్తుంటే ఇంక ఎవరు నవ్వాలి? పన్నునొప్పివాడు ముందు ఏడ్చాడు, హాయిగా, ఎప్పట్నించో దాచుకున్నట్టు. తర్వాత సైనికుడు. సేనాపతి తన ముసలి కుక్క పోయిందని ఇప్పుడు చెప్పుకుని ఏడ్చాడు. మంత్రి కండువాతో రాజుగారు కళ్ళు తుడుచుకున్నారు, పనిలో పనిగా ముక్కు కూడా చీదారు. మంత్రి అలవాటుగా "చిత్తం మహారాజా" అన్నాడు. అది చూసి రాజుగారికి ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చేసింది. నవ్వొచ్చాక ఆకలేసింది. "కనకరత్తమ్మా, గుత్తివంకాయ ఉందా?" అన్నారు.

కనకరత్తమ్మ కట్టిన మూట అక్కడే పడేసి వంటశాలకి పరిగెత్తింది. ఆ రోజు రాజుగారు మూడుసార్లు వడ్డించుకుని తిన్నారట. తింటూ రాణిగారి కబుర్లు చెప్పారట, అందరూ చుట్టూ కూచుని విన్నారట.

మరి పాపారాయుడి సంగతి? తలా తీయలేదు, కొరడా తీయలేదు. వంటశాలలో రోలు ముందు కూచోబెట్టి, ఏడాది పాటు పసుపుకొమ్ములు దంచమన్నారు. "నవ్వక్కర్లేదు" అన్నారు రాజుగారు.

వరాలుకి ఒక ఉద్యోగం ఇచ్చారు. రాజుగారు తప్పు చేస్తే మొహం మీదే చెప్పడం ఆ ఉద్యోగం. ఆ పిల్ల చాలా శ్రద్ధగా చేసిందట.

అన్నట్టు, భరిణెలో మిగిలిన రెండు పోగులూ పాలల్లో వేసి తీసుకెళ్ళి ఇచ్చిందట వరాలు. రాజుగారు గ్లాసు పట్టుకుని, ఇది తాగితే బెంగ పోతుందా అని అడిగారు. ఏమో మహారాజా, కొంచెం పోతుందేమో, పోదేమో, నాకు తెలీదు. వాసన బాగుంటుంది. మీగడ కట్టకముందే తాగెయ్యండి అంది.

చూశారా పిల్లలూ, కుంకుమపువ్వు చెడ్డదని కాదు నేను చెప్పేది, బంగారంలాంటి పువ్వది. కానీ ఎవరైనా బెంగగా ఉంటే, ముందు పక్కన కూచుని ఏమైందని అడగాలి. అడిగి, చెప్పేదాకా ఆగాలి. పువ్వులూ గుళికలూ ఆ తర్వాత. తినమంటే తినాలి, ఏడుపొస్తే ఏడవాలి, బాగాలేకపోతే బాగాలేదని చెప్పాలి. ఏరా గోపీ, నువ్వు ఇవాళ బడి నుంచి వచ్చి మూలన కూచున్నావు, అడిగితే ఏం లేదన్నావు. రేపు నాకు చెప్తావా? చెప్తావూ? అదీ మా బాబు.

రాజు సుఖంగా ఉన్నాడు, అత్తా కోడళ్ళూ సుఖంగా ఉన్నారు. కథ కంచి బండెక్కి వెళ్ళిపోయింది, మనం దుప్పట్లో దూరిపోదాం. కళ్ళు ముయ్యండి.