ఎండదేవరకు మొక్కిన తోడేలు

నల్లగుట్ట కింద గొర్రెలూ మేకలూ ఒకే మందగా మేసేవి. మేత ఒకటే, వాగు ఒకటే, దేవుళ్ళు మాత్రం వేరు.

గొర్రెలది ఎండదేవర. మిట్టమధ్యాహ్నం కాగానే గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి కళ్ళు మూసుకునేవి. నీడ పక్కకు తిరిగేదాకా కళ్ళు తెరవకూడదు. మేకలది గాలితల్లి. అదే వేళకు అవి చుట్టూ ఉన్న రాళ్ళెక్కి, ముక్కులు పైకెత్తి గాలికి మొక్కేవి.

"చూశావా పొగరు! దేవుడి ముందు కూడా తల దించవు," అనేవాడు మందపెద్ద గండయ్య పొట్టేలు. "తల దించనిదానికి పాపభయం ఉంటుందా?"

"ఉండకేం మామా," అంది బొల్లమ్మ అనే గొర్రె ఒకసారి. "నా పాలెండిపోతే నా పిల్ల గువ్వకు పాలిచ్చింది చుక్కి మేకే కదా."

"పాలిచ్చి మన పిల్లను తన దేవత వైపు తిప్పుకుందామని!"

బొల్లమ్మ తల దించుకుని మేతలో పడింది.

ఒక పొద్దున గుట్ట మీది నుంచి ముసలి తోడేలు కుంటుకుంటూ దిగింది. మంద బెదిరి పరుగెత్తబోయింది. తోడేలు ఎండలో మోకాళ్ళు వంచి, తల నేలకానించి, కళ్ళు మూసుకుంది.

"ఎండదేవరా, ఇన్నాళ్ళూ నిన్ను తెలుసుకోలేకపోయాను తండ్రీ!"

గండయ్య కళ్ళు చెమర్చాయి. "ఆగండి, ఆగండి! వీడు మనవాడే!"

"మామా, ఆ పళ్ళు చూడు," అంది చుక్కి రాయి మీది నుంచి. "గాలిలో నెత్తురు వాసన వస్తోంది."

"పళ్ళు నీకు లేవా? ముందు తల దించడం నేర్చుకో. తర్వాత వంకలు పెడుదువుగాని!"

తోడేలు తల ఎత్తకుండానే మెత్తగా అంది: "కోప్పడకు పెద్దయ్యా, తెలియక అంటోంది. కాకపోతే పూజ వేళ ఇవి చుట్టూ ముక్కులెగరేస్తుంటే దేవరకు మైల కాదూ?"

ఆ మాట గొర్రెలకు నచ్చింది. మేకల్ని వాగు అవతలికి తరిమేశాయి.

"బొల్లక్కా, గువ్వను నీ కాళ్ళ మధ్యే పెట్టుకో," అంది చుక్కి పోతూ పోతూ. అందరూ చూస్తున్నారని బొల్లమ్మ మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నమైంది. "పసివాళ్ళు మీ మధ్య ఉంటే ఉక్కపోతకు సొమ్మసిల్లుతారు," అంది తోడేలు. "అంచున నా నీడలో పడుకోబెట్టండి." తల్లులు అలాగే చేశాయి. గండయ్య తన ఒక్కగానొక్క మనవణ్ణి ముందుగా తెచ్చి, తోడేలు ముక్కు దగ్గరే పడుకోబెట్టాడు.

తలలు దూరాయి. కళ్ళు మూతపడ్డాయి. వాగు అవతల చుక్కి గొంతు చించుకుంది.

"కళ్ళు తెరవండే! అది తల ఎత్తింది! తెరవండే!"

బొల్లమ్మ మూసిన కళ్ళతోనే తల ఎత్తబోయింది. "మామా, ఒక్కసారి చూడనా?"

"మహాపాపం! పూజ చెడగొట్టాలనే ఆ అరుపు. గట్టిగా మూసుకో!"

మూసుకుంది.

నీడ తిరిగింది. కళ్ళు తెరిచేసరికి మిగతా పిల్లలన్నీ ఉన్నాయి, గువ్వ లేదు. తోడేలు తల నేలకానించే ఉంది.

"నా గువ్వ ఏది?"

"మేక ఎత్తుకుపోయింది తల్లీ. కుంటివాణ్ణి, అడ్డుపడలేకపోయాను."

"నేను చెప్పలా!" అంటూ గండయ్య కొమ్ములు దించాడు. మంద మొత్తం వాగులోకి దూకింది.

"వెళ్ళండి, వెళ్ళండి. పసివాళ్ళను నేను చూసుకుంటాను," అని వెనక నుంచి కేకేసింది తోడేలు.

గండయ్య ఒక్క ఊపుతో చుక్కిని పొడిచాడు. కాలు విరిగి చుక్కి పక్కకు ఒరిగింది. దాని కడుపు కింద నుంచి, మూతికి పాలనురుగుతో గువ్వ బయటికొచ్చి "అమ్మా!" అంది.

మంద కొయ్యబారిపోయింది.

"ఆ తోడేలు నాలుక చాచగానే పిల్ల జడిసి, తను పాలు తాగిన చోటికి పరుగెత్తుకొచ్చింది," అంది చుక్కి రొప్పుతూ. తర్వాత చుట్టూ ఉన్న మొహాల్ని ఒక్కొక్కటిగా చూసి నిర్ఘాంతపోయింది. "అందరూ ఇక్కడికే వచ్చారా? మరి మిగతా పిల్లలు ఎవరి దగ్గరున్నాయి?"

అందరూ వెనక్కి తిరిగారు. అవతల గట్టు మీద ఒక్క పిల్ల అరుపూ లేదు. గుట్ట మీదికి తోడేలు చకచకా ఎక్కుతోంది, కుంటడం లేదు. బండల చాటు నుంచి లేచిన దాని బంధుబలగం వెంట నడుస్తోంది. అన్ని నోళ్ళలోనూ తెల్లగా ఏదో వేలాడుతోంది.

గండయ్య తల దానంతటదే వాలిపోయింది. కళ్ళు మాత్రం ఎంత మూసినా మూతపడలేదు.

ఎదుటివాడి మంచి తెలియాలంటే వాడు ఎవరికి మొక్కుతాడని అడగకండి, వాడింటి పాలు తాగిన బిడ్డను అడగండి.