వంకర బెజ్జం

సింగరాచారిగారికి ఒక అలవాటు ఉండేది. కర్రకు బెజ్జాలు పెట్టే బరమా చేతిలో తిరుగుతున్నంతసేపూ ఆయన ఎవరికీ జవాబు చెప్పేవారు కాదు. బొమ్మ పడవలకు వాడే ఆ చేతి బరమా వేలెడంత ఉంటుంది. దాని ములికి సూది కన్నా సన్నం. వెనక కొసను అరచేతికి ఆనించి, రెండు వేళ్లతో మెల్లగా తిప్పుతూ, నాలుగు చుట్లకొకసారి వెనక్కి తీసి పొట్టు ఊదేయాలి. మాట్లాడుతూ తిప్పితే మాట చేతిలోకి దిగుతుందని, ములికి కర్రలోనే విరిగిపోతుందని ఆయన అనేవారు. అందుకని ఎవరు ఏది అడిగినా, మొదలుపెట్టిన బెజ్జం పూర్తిచేసి, బరమాను గుడ్డ మీద పెట్టి, అప్పుడు తలెత్తేవారు. ఆలోపు సగం ప్రశ్నలను అడిగినవాళ్లే మరిచిపోయేవారు.

కాకినాడలో ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారం ఆదివారం మేం నలుగురం బొమ్మ పడవలు చెయ్యడం నేర్చుకునేవాళ్లం. అందరం నడివయసు దాటినవాళ్లమే. మాలో హైమవతిగారని, హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ ఉండేవారు. చెయ్యి చాలా నెమ్మది. మాట అంతకన్నా తక్కువ. ఒక ఆదివారం ఆవిడ పడవకు వేసే కర్ర పలకను ముందు పెట్టుకుని ఎంతసేపటికీ బరమా ఎత్తలేదు. చివరికి అడిగారు.

"గురువుగారూ, చేసిన తప్పు ఒప్పేసుకుంటే మనసు తేలికవుతుందంటారు. నిజమేనా?"

ఏ తప్పు, ఎవరి దగ్గర ఒప్పుకోవాలి అని మేమెవరం అడగలేదు. ఆచారిగారు తన బెజ్జం పూర్తిచేశారు. పొట్టు ఊదారు. బరమాను గుడ్డ మీద పెట్టి, అవునని గాని కాదని గాని అనకుండా, గవర్రాజు అనే పడవల వడ్రంగి సంగతి ఎత్తుకున్నారు. మేం విన్నది ఇది.

గవర్రాజు ఆచారిగారికంటే నాలుగేళ్లు పెద్ద. ఇద్దరూ కుర్రతనంలోనే కోరంగి ఏటి ఒడ్డున ఒకే మేస్త్రీ దగ్గర చేరి, చేపల వేటకు వెళ్లే కర్ర పడవలు కట్టారు. తరవాత ఆచారిగారు కాకినాడలో కుర్చీలు, బల్లలు చేసే పనికి వచ్చేశారు. గవర్రాజు అక్కడే ఉండి తానే మేస్త్రీ అయ్యాడు. అతని పడవ నీళ్లు పట్టదని ఒడ్డంతా చెప్పుకునేవారు. ఓలేశు అనే జాలరి పట్టుబట్టి అతనిచేతనే పడవ కట్టించుకున్నాడు. పనంతా చక్కగా సాగింది. పడవను ఏట్లోకి దించే ముందురోజు ఉదయం, నీటిలో మునిగి ఉండే భాగంలో ఒక పలకకు బోల్టు వెయ్యడం కోసం గవర్రాజు బెజ్జం పెడుతున్నాడు. బరమాను రొమ్ముకు ఆనించి తిప్పుతూ ఉండగా అది జారింది. బెజ్జం ఏటవాలుగా పోయి, లోపల బోల్టు దిగాల్సిన వంపు కర్రను తాకకుండా పక్కనుంచి బయటపడింది.

అలాంటప్పుడు ఆ పలక ఊడదీసి కొత్త పలక వెయ్యాలి. అది గవర్రాజుకు తెలియని సంగతి కాదు. తన దగ్గర పనిచేసేవాళ్లు అలా చేస్తే పలక తియ్యించకుండా వదిలేవాడు కాదు. కాని మర్నాడు పొద్దున్నే ముహూర్తం. ఓలేశు చుట్టాలందరినీ పిలుచుకున్నాడు. గవర్రాజు ఒక టేకు చీలను చెక్కి, ఆ వంకర బెజ్జంలోకి బిగించి కొట్టి, పత్తి కూరి, గుగ్గిలం పూసి, పైన రంగు వేశాడు. పక్కన సరైన చోట ఇంకో బెజ్జం పెట్టి బోల్టు వేశాడు. మరమ్మతుకు వచ్చినప్పుడు పలక మార్చేద్దాం అనుకున్నాడు. ఏడాదికి పడవ మరమ్మతుకు వచ్చింది. చీలను వేలితో నొక్కి చూశాడు. బిగువుగా ఉంది, చెమ్మ లేదు. వదిలేశాడు. రెండో ఏడూ అంతే. మూడో ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. ఓలేశు, అతనితో వెళ్లిన ముగ్గురూ తిరిగి రాలేదు. పడవ ముక్క కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు. ఆ తుఫానుకి ఆ ఊళ్లోనే ఇంకో రెండు పడవలు పోయాయి. వాటిలో ఏ వంకర బెజ్జమూ లేదు.

గవర్రాజు పడవలు కట్టడం మానేశాడు. నడుం నొప్పి అని చెప్పాడు, అందరూ నమ్మారు. ఇంట్లో కూర్చుని చేతి బరమాతో బొమ్మ పడవలు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆచారిగారికి ఆ పని నేర్పింది అతనే. నెలకొకసారి ఆయన కాకినాడ నుంచి వెళ్లి ఒక పూటంతా అతని పక్కన కూర్చుని వచ్చేవారు. గవర్రాజు చేతి బరమా కర్రలోకి దిగుతుంటే చప్పుడు కూడా వినపడేది కాదట. అంత మంచి చెయ్యి తాను మళ్లీ చూడలేదని, అంత దిగులు మొహం కూడా చూడలేదని ఆచారిగారు అన్నారు.

పదకొండేళ్లు గడిచాక ఓలేశు భార్య నూకరత్నం అతని ఇంటికి వచ్చింది. తండ్రి పోయేనాటికి కూతురికి రెండేళ్లు. ఇప్పుడు ఆ పిల్ల నాన్న పడవ ఎలా ఉండేదని అడుగుతోందట. ఫొటో ఒక్కటీ లేదు. కట్టిన చెయ్యి నీదే కాబట్టి, గుర్తున్నంత వరకు చిన్నది చేసి పెట్టమని నూకరత్నం అడిగింది. గవర్రాజు కాదనలేకపోయాడు. గుర్తులేకపోవడం మాట అటుంచి, ఆ పడవలో అతనికి గుర్తులేని మేకు లేదు.

నాలుగు నెలలు చేశాడు. పెద్ద పడవకు ఎన్ని పలకలో దీనికీ అన్ని పలకలు కోశాడు. జానెడున్నర పడవకు మూడువందల పైచిలుకు బెజ్జాలు పెట్టి, ఒక్కొక్క దాంట్లో వెదురు ఈనె చెక్కి దిగ్గొట్టాడు. అన్నీ అయ్యి, చివరికి ఎడమ వైపు కింద ఆ పలక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. వారం రోజులు ఆ పడవను ముట్టుకోలేదు. అప్పుడు ఆచారిగారు వెళ్లారు. ఆ రోజు గవర్రాజు ఆయనకు మొత్తం చెప్పాడు, అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. చెప్పి, ఏం చెయ్యమంటావు అని అడిగాడు. ఆచారిగారు ఎక్కువసేపు ఆలోచించలేదట. ఆమెకు చెప్పెయ్యి, తేలికవుతావు అన్నారట.

గవర్రాజు ఆ మాట పట్టుకున్నాడు. చిన్న పలకలో, సరిగ్గా అదే చోట, చేతి బరమాను పక్కకు వంచి అలాగే ఏటవాలుగా బెజ్జం పెట్టాడు. దానికి చిన్న చీల కొట్టాడు. దాని మీద మాత్రం రంగు వెయ్యలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పడవను గుడ్డలో చుట్టుకుని నూకరత్నం ఇంటికి వెళ్లారు. ఆమె వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి పడవను ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు చూసింది. ఇదిగో ఇక్కడ నిలబడేవాడు, అన్నం మూట ఇక్కడ పెట్టేవాడు అని వేలితో చూపించింది. ఏడవలేదు. ఆ మొహంలో వెలుగు చూసి, ఇప్పుడు వద్దులే అని అప్పటికైనా తాను అనుంటే బాగుండేదని ఆచారిగారు మాతో అన్నారు. అనలేదు. గవర్రాజు పడవను తిరగేసి, రంగులేని చోటు చూపించి, దాచకుండా చెప్పేశాడు.

ఆమె అంతా విన్నాక ఒకటే అడిగింది. దానివల్లే మునిగిందా? తెలియదమ్మా అన్నాడు గవర్రాజు. దానివల్ల కాదా? అదీ తెలియదు అన్నాడు.

"మరి ఎందుకు చెప్పావు?"

"చెప్పకుండా ఉండలేకపోయాను."

"పదకొండేళ్లు ఉన్నావుగా, మేస్త్రీ."

గవర్రాజు తల వంచుకున్నాడు. తిట్టినా కొట్టినా పడదామని సిద్ధపడి వెళ్లిన మనిషి. ఆమె తిట్టలేదు. పడవను ఒళ్లోంచి తీసి అరుగు మీద పెట్టి, చాలా మామూలు గొంతుతో మాట్లాడింది.

"తుఫాను పట్టుకుపోయిందనుకున్నాను. తుఫానుని ఏమంటాం? అందుకే ఎలాగో బతికాను. ఇప్పుడు నీకు తెలియంది నాకూ తెలియదు. ఆ ముగ్గురి పెళ్లాలూ ఈ వీధిలోనే ఉన్నారు. రోజూ నీళ్ల దగ్గర కలుస్తాం. వాళ్లకి నేనేం చెప్పను?"

తలుపు దగ్గర నుంచి కూతురు, అమ్మా అది నాన్న పడవేనా అని అడిగింది. అవునంది నూకరత్నం. ఆ పిల్ల వచ్చి పడవను రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ పిల్లకు తల్లి ఏమీ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే దారిలో గవర్రాజు చాలా ఏళ్ల తరవాత ఆకలేస్తోంది అన్నాడట. హోటల్లో కూర్చుని కడుపునిండా తిన్నాడు. తరవాత మూడు రోజులు ఒళ్లు తెలియకుండా పడుకున్నాడని అతని భార్య చెప్పింది. ఈ ముక్క దాచకూడదని ఆచారిగారు మాకు ప్రత్యేకంగా చెప్పారు.

నూకరత్నం ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాని నీళ్ల దగ్గరికి వెళ్లే వేళ మార్చుకుంది. ఏటా కార్తీకంలో ఆ నలుగురు ఆడవాళ్లూ కలిసి ఒడ్డుకు వెళ్లి, నీళ్లలో పసుపు కుంకుమ వదిలి, ఒకే ఇంట్లో భోంచేసేవారు. ఆ ఏడు ఆమెకు ఒంట్లో బాగాలేదు. మరుసటి ఏడూ బాగాలేదు. మిగతా ముగ్గురూ, మనమేం తప్పు చేశామని అడగడానికి ఆమె ఇంటికి వచ్చారు. ఆమె వాళ్లను కూర్చోబెట్టి, టీ పెట్టి ఇచ్చి, ఏమీ లేదని చెప్పి పంపింది. ఇంకో నెలకు ఇల్లు అమ్ముకుని, కూతుర్ని తీసుకుని, ఉప్పాడ అవతల చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. సముద్రం పడక వెళ్లిపోయిందని ఊళ్లో అనుకున్నారు. ఆ చెల్లెలి ఊరు కూడా సముద్రం ఒడ్డునే ఉంది.

ఆ సంగతి తెలిశాక గవర్రాజుకు మళ్లీ నిద్ర లేదు. రెండుసార్లు బస్సెక్కి ఆ ఊరు వెళ్లాడు. మొదటిసారి ఆమె లోపలే ఉండి, లేనని చెప్పించింది. రెండోసారి ఎదురుపడింది. తలుపు వెయ్యలేదు, రమ్మనీ అనలేదు. అతను బయట నిలబడి నిలబడి తిరిగి వచ్చేశాడు. మొదట్లో ఉన్నది ఒక బాధ, దాన్ని తానొక్కడే మోసేవాడు. ఇప్పుడు దానికి తోడు ఆమె బాధ. ఆచారిగారు వెళ్లినప్పుడు ఈ మాటే అన్నాడు. నిష్ఠూరంగా కాదు, లెక్క తేలనట్టు అన్నాడు. చేతి బరమా పట్టుకుంటే ములుకులు విరిగిపోయేవి. ఒక పూటలో అయిదారు విరిచేవాడు. విరిగిన ముక్కను కర్రలోంచి తియ్యడానికి కూడా ప్రయత్నించేవాడు కాదు. రెండేళ్ల తరవాత వానాకాలంలో జ్వరం వచ్చి, పెద్దగా బాధపడకుండానే పోయాడు.

దినం అయ్యాక ఆచారిగారు నూకరత్నం ఉన్న ఊరు వెళ్లారు. ఆమెకు తెలియాలి అనుకున్నారు. ఈసారి ఆమె మంచం వాల్చి కూర్చోమంది. గవర్రాజు పోయాడని చెబితే లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కూతురికి పెళ్లయిందని, పడవను తనతో తీసుకెళ్లిందని, అది అద్దాల బీరువాలో ఉందని చెప్పింది. వచ్చినవాళ్లందరికీ, మా నాన్నది, తుఫానులో పోయింది అని చూపిస్తుందట. ఒకసారి ఆ పిల్ల, ఇక్కడ రంగు ఎందుకు లేదమ్మా అని అడిగిందట. మేస్త్రీ మరిచిపోయాడు అని చెప్పిందట నూకరత్నం. ఆయన లేవబోతుంటే అడిగింది.

"పోయేముందు ఇంకెవరికైనా చెప్పాడా?"

"లేదమ్మా. ఎవరికీ చెప్పలేదు."

"మంచిది," అంది ఆమె. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

ఆచారిగారు ఇక్కడితో ఆపారు. హైమవతిగారు ముందున్న పలక వైపే చూస్తూ కూర్చున్నారు. ఇంక ఏమీ అడగరు అనుకున్నాం. కాని అడిగారు.

"అంటే, చెప్పకూడదంటారా?"

ఆచారిగారు వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన చేతిలో అప్పుడు బరమా లేదు.

"నాకు తెలియదమ్మా," అన్నారు. "తెలుసనుకుని ఒకసారి చెప్పాను."