వెనక్కి పరుగెత్తే కోపం

కుంకుళ్ళకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు, ఒక ముంగిస, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. వాటితోపాటు ఒక ముళ్ళపంది కాపురం కూడా ఉండేది. ఆ ముళ్ళపంది పేరు సూదిరాజు. అతని భార్య పేరు సన్నజాజి. పేరు విని మోసపోకండి పిల్లలూ, ఆమెకీ ఒంటినిండా ముళ్ళే!

సూదిరాజు మంచివాడే. దుంపలు దొరికితే నలుగురికీ పెట్టేవాడు. ఎక్కడైనా ఎండిన ఎముక కనిపిస్తే నోట కరుచుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. ఎముకలెందుకంటారా? ముళ్ళపందుల పళ్ళు పెరుగుతూనే ఉంటాయి మరి. గట్టిది ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాలి. అందుకే అతని బొరియ ముందు ఎప్పుడూ ఎముకల కుప్ప ఉండేది.

అన్నీ బాగానే ఉన్నాయి. కోపమే బాగాలేదు.

అబ్బో, ఆ కోపం! ఎప్పుడూ ముక్కు మీదే. ఎవరైనా పలకరిస్తే "నాతో నీకేం పని?" అని కోపం. పలకరించకపోతే "నేనంటే అంత చులకనా?" అని కోపం.

దానికితోడు ఇంకో చిక్కు కూడా ఉంది. అడవిదున్నకి కోపం వస్తే ముందుకు దూకుతుంది. ముళ్ళపంది అలా కాదు. దాని పెద్ద ముళ్ళన్నీ వీపు మీదే కదా! అందుకని గిరుక్కున తిరిగి, ఎదుటివాడికి వీపు పెట్టి, వెనక్కి పరుగెత్తుతుంది. కళ్ళు ఒకవైపు, పరుగు ఇంకోవైపు. ఎవరికి గుచ్చుకుందో గుచ్చుకున్నాక గానీ తెలియదు.

అది ఇప్పపూలు రాలే కాలం. తెల్లారేసరికి చెట్టు కింద నేలంతా పూలే. జంతువులన్నీ చేరి తింటున్నాయి. అంతలో అడవిపంది చూసుకోక సూదిరాజు కాలు తొక్కింది. ఇంకేముంది! సూదిరాజు గిరుక్కున తిరిగాడు, వెనక్కి పరుగెత్తాడు. పంది పక్కకి తప్పుకుంది. దాని వెనక పడుకుని ఉన్న దుప్పి కాల్లో మూడు ముళ్ళు దిగబడ్డాయి. పాపం, దుప్పి లేవలేక విలవిల్లాడిపోయింది.

అడవికి పెద్దదిక్కు ఎలుగు పెద్దయ్య. ఆయన అందరినీ పిలిపించాడు.

"సూదిరాజూ, ఇది మూడోసారి. మొదట కుందేలు, తర్వాత నెమలి, ఇప్పుడు దుప్పి. ఈ ముగ్గురూ నిన్ను ఏమీ అనలేదు."

"నన్ను తొక్కింది పంది కదా పెద్దయ్యా!"

"గుచ్చుకుంది పందికి కాదు కదా నాయనా!"

సూదిరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. దుప్పి వంక చూడనైనా లేదు.

పెద్దయ్య తీర్పు చెప్పేశాడు. "నీ కోపం వల్ల ఇంకొక్కరికి ముల్లు గుచ్చుకుందా, కాపురం ఎత్తేసి వాగు దాటి వెళ్ళిపోవాలి."

వాగు అవతల ఏముంది? ఎండకు కాలే బండలు, వాటి మీద తిరిగే చిరుతపులులు. సూదిరాజు కొడుకు చిట్టిముల్లు పుట్టి ఇంకా నెల కూడా కాలేదు. వాడి ఒంటి మీద ఉన్నవి ముళ్ళు కావు, గడ్డిపరకలు! వాగు దాటితే వాడు ఒక్క రోజు కూడా బతకడు.

ఇంటికి వచ్చాక సన్నజాజి భర్తని కడిగేసింది. "నీ కోపానికో దండం! వెళ్ళాలనుకుంటే నువ్వొక్కడివే వెళ్ళు. నా బిడ్డని చిరుతల నోట్లో పెట్టలేను." అంటూనే ఏడ్చేసింది.

సూదిరాజుకీ భయం వేసింది. కానీ పైకి మాత్రం, "నేనేం చేసేది? కోపం నాకు చెప్పి వస్తుందా? ఉన్నట్టుండి వచ్చేస్తుంది!" అన్నాడు.

"నిజంగానా?" అని గుమ్మం దగ్గర ఒక గొంతు వినిపించింది.

వచ్చింది ఆరాలమ్మ. ఆమె ముంగిస. చీమలు ఎటు వెళ్తున్నాయి, నత్తకి ఇల్లెవరు కట్టారు, కప్ప గొంతు ఎందుకు ఉబ్బుతుంది అని పొద్దస్తమానం ఆరా తీస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆరా తీయకపోతే ఆమెకి పూట గడవదు.

"ఉన్నట్టుండి వస్తుందా అన్నా? పాము ఎంత మెత్తగా వచ్చినా ఎండుటాకుల మీద కాస్త చప్పుడవుతుంది. ఆ చప్పుడు విని కదా నేను బతుకుతున్నది! నీ కోపం పాముకంటే మెత్తగా వస్తుందా? నాకు చూడాలని ఉంది."

"కోపాన్ని చూడడమేమిటి చెల్లెమ్మా?"

"చూడనిస్తే కదా తెలిసేది!"

మర్నాడు పొద్దున్నే సూదిరాజు దుంపలు తవ్వుకుంటున్నాడు. ఎక్కడినుంచో ఒక కుంకుడుకాయ వచ్చి ఠంగున అతని ముక్కుకి తగిలింది. తర్వాత ఇంకొకటి. మూడోది తగిలేసరికి సూదిరాజు వీపు తిప్పి దూసుకుపోయాడు. బండరాయి వెనకనుంచి ఆరాలమ్మ చటుక్కున కన్నంలోకి దూరింది. కాసేపటికి మెల్లగా తల బయటపెట్టింది.

"భలే ఉంది అన్నా! ఇంకోసారి కోపం తెచ్చుకోవూ?"

"ఇంకోసారా!" అని సూదిరాజు మళ్ళీ మండిపడ్డాడు. ఆరాలమ్మకి కావలసిందీ అదే.

ఇలా మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు ఆమె తను చూసిందంతా చెప్పింది. "మొదట నీ పళ్ళు కటకటలాడతాయి. తర్వాత తోక గలగలమంటుంది. ఆ తర్వాత ముళ్ళు లేస్తాయి. అప్పుడు తిరుగుతావు. పరుగు అన్నింటికంటే ఆఖర్న."

"నా తోక గలగలమంటుందా?" సూదిరాజు నోరు తెరిచాడు.

"అయ్యో రామ! కోనంతా వింటుంది. నువ్వొక్కడివే వినవు."

సూదిరాజు కోపం మాట మరిచిపోయాడు. ఇప్పుడు అతనికీ తెలుసుకోవాలని మనసైంది. "అయితే తోక మోగాక ఎంతసేపటికి పరుగెత్తుతాను?"

"అది చూడలేదే!" అంది ఆరాలమ్మ. ఇంకో ప్రశ్న దొరికిందని ఆమె మొహం వెలిగిపోయింది.

ఇద్దరూ ఇప్పచెట్టు కిందికి వెళ్ళారు. ఆరాలమ్మ కుంకుడుకాయలు విసిరింది. సూదిరాజుకి కోపం వచ్చింది. తోక మోగినప్పుడు పైకొమ్మ నుంచి ఒక పువ్వు రాలింది. అది నేల మీద పడ్డాక అతని కాళ్ళు కదిలాయి.

"ఒక పువ్వు రాలేంతసేపు అన్నమాట," అంది ఆరాలమ్మ.

"అంతేనా?"

"అంత ఉందని నిన్నటిదాకా నీకు తెలుసా?"

సూదిరాజు ఆలోచనలో పడ్డాడు. "మరి ఆ కాస్తసేపట్లో ఏం చేయాలి? కోపాన్ని మింగేయాలా?"

"నాకేం తెలుసు? మింగి చూడు."

మింగి చూశాడు. ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పొట్ట బంతిలా ఉబ్బింది. ఆఖరికి ఆగలేక వెనక్కి ఒక్క పరుగు తీశాడు. వెళ్ళి చెదలపుట్టలో ఇరుక్కున్నాడు! సన్నజాజి వచ్చి లాగితే మధ్యాహ్నానికి గానీ బయటపడలేదు. ఒళ్ళంతా చెదపురుగులు. మింగడం వల్ల లాభం లేదని ఇద్దరికీ అర్థమైంది.

"పోనీ, తోక మోగగానే ఒక్కసారి మెడ తిప్పి వెనక ఎవరున్నారో చూడు. చూశాక నీ ఇష్టం," అంది ఆరాలమ్మ.

తర్వాతిసారి సూదిరాజు మెడ తిప్పి చూశాడు. వెనక ఒక మోడు ఉంది. "ఓరి, దీనితోనా నేను తలపడబోయింది!" అని నవ్వేశాడు. లేచిన ముళ్ళు వాటంతట అవే వాలిపోయాయి.

అలాగని అంతా ఒక్క రోజులో కుదిరిపోయిందనుకునేరు! పదిసార్లలో ఐదుసార్లు మరిచిపోయేవాడు. ముల్లు గీసుకుని ఆరాలమ్మ వీపు మీద ఒక గీత కూడా పడింది; గుచ్చుకోలేదులే అని ఆమె ఎవరితోనూ అనలేదు. అయినా ఆమె మానలేదు, అతనూ మానలేదు. ఇంట్లో పసివాడున్నాడు మరి.

వాగు అవతలి గట్టున ఎముకలు కొరికి తినే ఒక దుమ్ములగొండి ఉండేది. ఎప్పుడూ పళ్ళికిలించి నవ్వుతుంటుందని దాన్ని అందరూ ఇకిలయ్య అనేవారు. సూదిరాజు ఎముకల కుప్ప మీదా, చల్లటి బొరియ మీదా ఇకిలయ్య కన్ను పడింది. పెద్దయ్య తీర్పు అతని చెవిన కూడా పడింది. సూదిరాజుకి కోపం తెప్పిస్తే చాలు, ఎముకలూ ఇల్లూ తనవే అవుతాయనుకున్నాడు. ఎవరికి ఎక్కడ మండుతుందో ఇకిలయ్యకి బాగా తెలుసు. తనకి ఎక్కడ మండుతుందో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు.

ఒకరోజు పొద్దు పొడుస్తోంది. జంతువులన్నీ ఇప్పపూలు ఏరుకుంటున్నాయి. ఇకిలయ్య తిన్నగా వచ్చి బొరియ ముందు నిలబడ్డాడు. కుప్పలోంచి మంచి ఎముక తీసి పటుక్కున కొరికాడు. చెట్టు కిందనుంచి సూదిరాజు పరుగున వచ్చాడు.

"అది అక్కడ పెట్టు," అన్నాడు.

"పెట్టకపోతే? వెనక్కి పరుగెత్తుతావా?" అని ఇకిలయ్య పకపకా నవ్వాడు. "ముందుకు నడవడం చేతకానివాడికి ఎముకలెందుకయ్యా?"

సూదిరాజు పళ్ళు కటకటలాడాయి.

"ఇంతకీ నీ కొడుకుని చూశాను. అదేం బిడ్డ! ఎలుకకి నాలుగు పుల్లలు గుచ్చినట్టున్నాడు."

సరిగ్గా అప్పుడే ఇకిలయ్య వెనక, బొరియలోంచి చిట్టిముల్లు బుడిబుడి అడుగులతో బయటికి వచ్చాడు. ఇకిలయ్య ఓరకంట చూశాడు. పాపిష్టివాడు, ఒక్క మాట చెప్పలేదు. పసివాడు కనబడకుండా తన ఒంటితో కప్పేసి, ఇంకా పెద్దగా ఇకిలించాడు.

గలగల! తోక మోగింది. సూదిరాజు విన్నాడు. ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. గిరుక్కున తిరిగాడు. పరుగెత్తమని కాళ్ళు ఒకటే పోరు పెడుతున్నాయి. పళ్ళు బిగబట్టి మెడ తిప్పి చూశాడు.

ఇకిలయ్య అక్కడ లేడు. ఎప్పుడో పక్కకి దూకేశాడు. ఆ చోట చిట్టిముల్లు ఉన్నాడు. నాన్న తోక మోత ఏదో ఆట అనుకుని, దాన్ని పట్టుకుందామని కిలకిలమంటూ వస్తున్నాడు. వాడి ముక్కుకీ తండ్రి ముళ్ళకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

సూదిరాజు చటుక్కున ఇటు తిరిగాడు. ముళ్ళన్నీ దించేసి, కొడుకుని గడ్డం కిందికి లాక్కున్నాడు. "నా తండ్రీ! ఒక్క అడుగు వేసి ఉంటే నిన్ను నేనే చంపుకునేవాణ్ణి కదరా!" అని అందరి ముందూ భోరున ఏడ్చాడు.

చెట్టు కింద అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. అడవిపంది ఊరుకోలేదు. "ఏం ఇకిలయ్యా, నవ్వు ఆగిపోయిందే?" అంది. కుందేళ్ళు కిసుక్కున నవ్వాయి. నెమళ్ళు కూడా నవ్వాయి.

అందరినీ చూసి నవ్వేవాడికి తనని చూసి నవ్వితే ఒళ్ళు మండిపోయింది. "నన్ను చూసి నవ్వుతారా?" అని అరుస్తూ సూదిరాజు మీదికి దూకాడు.

సూదిరాజు కొడుకుని పొట్ట కిందికి తోసుకుని ముళ్ళు లేపాడు. అంతే. ఒక్క అడుగు కూడా కదలలేదు.

"అమ్మో! చచ్చాను!" ఇకిలయ్య మూతినిండా ముళ్ళే. వాచిన నోటితోనే కేకలు పెట్టాడు. "నాలుగోసారి గుచ్చాడు! వీణ్ణి వెళ్ళగొట్టండి పెద్దయ్యా!"

"సూదిరాజు కదిలాడా?" అని పెద్దయ్య అందరినీ అడిగాడు.

"లేదు!" అన్నారంతా ఒక్క గొంతుతో.

"మరి ముళ్ళు నీ దగ్గరికి రాలేదు నాయనా. నువ్వే వాటి దగ్గరికి వెళ్ళావు," అన్నాడు పెద్దయ్య. ఇకిలయ్య మూలుగుతూ వాగు దాటి పోయాడు. ఆ వేసవంతా ఒక్క ఎముక కూడా కొరకలేకపోయాడు.

ఇక ఆరాలమ్మకి తీరిక లేకుండా పోయింది. "నా కోపం ఎక్కడ మొదలవుతుందో కాస్త చూడవూ?" అని అడవిపందితో సహా అందరూ ఆమె వెంట పడ్డారు. వచ్చినవాళ్ళెవరూ వట్టి చేతులతో రాలేదు. ఆమె ఇల్లు పళ్ళతో, దుంపలతో నిండిపోయింది.

సూదిరాజు మాత్రం ఆ గుంపులో లేడు. కుంటుతూ మేస్తున్న దుప్పి దగ్గరికి అతను వెళ్ళాడు. 

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు నీ పక్కన నీ పిల్ల ఉందా?"

"ఉంది తమ్ముడూ. నీ ముళ్ళు దానికి తగలకూడదనే నా కాలు అడ్డం పెట్టాను," అంది దుప్పి.

సూదిరాజు తల వాల్చేశాడు. "తప్పయిపోయింది అక్కా," అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. దుప్పి కాలు నయమయ్యేదాకా రోజూ తెల్లారగానే దానికీ, దాని పిల్లకీ ఇప్పపూలు ఏరి తెచ్చిపెట్టాడు.

నీతి: కోపం రావడం తప్పు కాదు; దాని రాకను ముందే పసిగట్టి, అది ఎవరికి తగులుతుందో ఒక్క క్షణం ఆగి చూసుకున్నవాడే తననీ, తనవాళ్ళనీ కాపాడుకుంటాడు.