పైడమ్మ చేలో రాణిగారి పూస

పిల్లలూ, ఊరికి ఇంత దూరంలో పెరుగుతున్న మీకు ఈ కథ ఎవరూ చెప్పి ఉండరు. ఏ రాజు కాలమో అడక్కండి, నాకు తెలియదు. తెలియనిది కల్పించి చెప్పను.

పైడమ్మ పత్తిచేను దున్నుతుంటే, నడుమ చిల్లున్న మట్టిబిళ్ళ ఒకటి బయటపడింది. ఆ చేను మీద ఎప్పటినుంచో కన్నేసిన ఊరి అధికారి విరూపాక్షయ్య దాన్ని లాక్కుని, జనం ముందు ఎత్తి చూపించాడు.

"ఇది పూర్వపు రాణిగారి హారంలో పూస! రాణుల సొమ్ము దొరికిన నేల కోటకే చెందుతుంది. చేను ఖాళీ చెయ్యి."

"అది కదురు బిళ్ళ బాబూ. నూలు వడికేటప్పుడు కదురు నిలకడగా తిరగాలని గుచ్చుతాం."

"నాకే నేర్పుతావా?"

పైడమ్మకు ఆ చేను తప్ప వేరే బతుకుతెరువు లేదు. అయినా చేతులు జోడించి, "తమరు చెప్పాక కాదనేదేముంది? ఈ న్యాయం అందరికీ ఒకటేనా బాబూ?" అంది.

"అందరికీ ఒకటే!"

ఆమె తిన్నగా విరూపాక్షయ్య పెరట్లోకి నడిచింది. జనమూ వెంట వచ్చారు. అక్కడ కొత్త బావి తవ్వుతున్నారు. వెనకటికి ఇంటింటా నూలు వడికిన ఊరు కాబట్టి, ఎక్కడ తవ్వినా ఆ బిళ్ళలు దొరుకుతాయని ఆమెకు తెలుసు. మట్టికుప్ప కెలికి, అచ్చం అలాంటిదే పైకి తీసింది.

"ఇల్లెప్పుడు ఖాళీ చేస్తారు బాబూ?"

విరూపాక్షయ్య అదిరిపడ్డాడు. "ఛీ! అదెవరో ముసలమ్మ పారేసుకున్న కదురు బిళ్ళ!"

"అలాగా! నా చేలో రాణిగారు, మీ పెరట్లో ముసలమ్మా?"

జనం గొల్లున నవ్వారు. విరూపాక్షయ్య లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. పైడమ్మ మిగిలిన చేను దున్నుకోవడానికి వెళ్ళిపోయింది.

ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి. కానీ నవ్వు వస్తుంది కదా అని, విరూపాక్షయ్యను నేను చెప్పినదానికంటే మూర్ఖుణ్ణి చెయ్యకండి.