రాజుగారి కొత్త పాదపీఠం

నేలంతా నల్లరేగడే అయిన ఒకానొక రాజ్యాన్ని ఉద్దండరాయుడనే రాజు ఏలేవాడు. మనసు మంచిదే గానీ, తనంతటివాడు లేడన్న గర్వం నెత్తికెక్కి కూర్చుంది.

ఓ వేసవిలో ఆయన విజయమండపం కట్టించ తలపెట్టాడు. "ముందు నా ఏనుగులతో నేలను తొక్కించండి. అవి తొక్కాక ఏ మట్టి తలెత్తుతుందో చూస్తాను!" అని మీసం తిప్పాడు.

ఏనుగులు ఎండిన రేగడిని రాయిలా అణగదొక్కాయి. దానిమీద మేస్త్రీ ఓబన్న ముచ్చటైన మండపం లేపాడు. తీరా వానలు పడ్డాయో లేదో, గచ్చు ఉబ్బింది, తలుపులు బిగుసుకున్నాయి, రాజుగారి బొమ్మ వేసిన గోడ నిలువునా చీలింది. ముక్కు ఓ పక్క, మీసం ఓ పక్క! ఇంకేముంది, రాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఈ ఓబన్న పనిలో మోసం చేశాడు. కుడిచెయ్యి నరికించండి!"

ఓబన్న కాళ్లమీద పడ్డాడు. "ఇంటిల్లిపాదీ ఈ చేతిమీదే బతుకుతున్నాం, దొరా!"

రాజు మొహం తిప్పుకున్నాడు. అప్పుడు లేచాడు మాచన. ఆస్థానంలో రాజుతో చనువుగా మాట్లాడే దమ్మున్నవాడు అతనొక్కడే.

"శిక్ష సరే, ప్రభూ. ఈ వానల్లో చెయ్యి తీసేస్తే మండపానికి అతుకులెవరు వేస్తారు? వానాకాలం పోనివ్వండి."

అదీ నిజమేననిపించి రాజు ఒప్పుకున్నాడు.

కొన్నాళ్లకు మాచన రాజుగారికి కొత్త పాదపీఠం కానుకగా తెచ్చాడు. చెక్కడాలున్న రాతితొట్టి, పైన నున్నటి పలక. రాజు మురిసిపోయాడు. ఆ రాజ్యంలో ఓ ఆచారముంది. రోజూ కొలువు తీరేముందు రాజుగారి పాదాలను పాదపీఠం మీదే బిందెడు నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు పలక సందుల్లోంచి లోపలికి దిగేవి. ఎటు పోతున్నాయని ఎవరూ చూడలేదు.

రోజులు గడిచేకొద్దీ రాజుగారి మోకాళ్లు పైకి రాసాగాయి. చివరికి బొజ్జకు తగిలాయి. సభికులందరికీ కనబడుతూనే ఉంది. కానీ రాజుగారి మోకాళ్ల సంగతి రాజుగారితో అనే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి!

ఓ రోజు రాజు మండిపడ్డాడు. "సింహాసనం కుంగిపోయింది! చేసిన వడ్రంగిని పట్టుకురండి. వాడి చెయ్యీ నరకండి!"

"సింహాసనం కుంగలేదు, ప్రభూ. తమ పాదాలే పైకి లేచాయి," అన్నాడు మాచన.

పలక ఎత్తించాడు. తొట్టి అంచు దాటి నల్లటి మట్టి ఉబికి ఉంది.

"ఏమిటిది?"

"తమ మండపం కింది రేగడే, ప్రభూ. ఎండబెట్టి, తమ మల్లుల చేత రాయిలా కూరించాను. ఇది ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఎంత అణగదొక్కితే, నీళ్లు తాగాక అంత జోరుగా పైకి తంతుంది. తమ పాదాలనే ఎత్తిపడేసిన మట్టి ఓబన్న కట్టిన గోడను ఖాతరు చేస్తుందా?"

రాజు గొంతు తగ్గింది. "మరి అంతగా తొక్కించిందెవరంటావు?"

"ఏనుగులను అడిగాను, ప్రభూ. పెద్దలవైపు తొండం చూపడం మర్యాద కాదని ఊరుకున్నాయి."

సభంతా బిక్కచచ్చిపోయింది. ఎంత గుండె అండీ ఆ మాచనది! పక్కవాడి చెయ్యి కోసం తన తలనే పణంగా పెట్టాడు.

రాజు ఒక్క క్షణం అతనివంక గుర్రుగా చూశాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. బొజ్జ మోకాళ్లకు కొట్టుకునేలా పడీపడీ నవ్వాడు. వడ్రంగి జోలికి వెళ్లొద్దన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు.

ఆపైన ఓబన్నను పిలిపించాడు. "తప్పు నాది. రేగడంతా తవ్వించి, తడిసినా ఉబ్బని గరుసుమట్టి పోయించి, మళ్లీ కట్టు," అంటూ తన బంగారు కంకణం తీసి అతని కుడిచేతికి తొడిగాడు.

ఓబన్న ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.